గుర్తింపు లేని ఇల్లు

రావులంకలో కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే పెచ్చెట్టి ధనరాజు తన ఇద్దరాడపిల్లల్నీ స్కూలు మాన్పించింది డబ్బు లేక కాదు. కడుతున్న డబ్బు ఎందుకో అర్థం కాక. ఆ ఏడాది జూన్‌లో ప్రైవేటు స్కూలు వాళ్ళిచ్చిన రసీదులో ‘ఈతకొలను నిర్వహణ’ అని ఒక పద్దు కనిపించింది. కొలను ఎక్కడుందని కౌంటర్లో అడిగాడు. కొలను వచ్చే ఏడాది తవ్వుతారని, ఈ ఏడాదికి నిర్వహణ మాత్రమేనని అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

ఇంటికొచ్చి రసీదు భార్య చేతిలో పెట్టాడు. సత్యవేణి లెక్కలు ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ పాసైన మనిషి. రసీదును పరీక్ష పేపరు చూసినట్టు పైనుంచి కిందికి చూసింది.

“ఇందులో చదువుకెంత పోతోందో ఎక్కడా లేదండి. పిల్లలకి నేనే చెప్పుకుంటాను. మిగిలిన డబ్బుల్తో అత్తయ్య కంటి ఆపరేషను చేయించేద్దాం” అంది.

మంచం మీద కూచున్న ధనరాజు తల్లి నూకరత్నానికి రెండేళ్ళుగా కళ్ళలో శుక్లాలు. రసీదు ఆమెకి కనపడదు గాని మాట వినపడింది.

“కోడలు చెప్పింది బాగుందిరా రాజూ. మళ్ళీ ఆలోచించకు” అంది.

మర్నాటినుంచి ముందు గదిలో చదువు మొదలైంది. పదేళ్ళ మన్విత, ఏడేళ్ళ జోషిత చాప మీద కూచునేవారు. పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకాలు చేసింది సత్యవేణి. భిన్నాలు దోసెల మీద చెప్పింది. తెలుగేమో దినపత్రిక మీద చెప్పింది. వారానికి రెండు రోజులు పిల్లల్ని తండ్రి షాపుకి పంపితే, రాగి తీగ చుట్టలోంచి కరెంటు పారితే లోపలి ఇరుసు ఎందుకు తిరుగుతుందో ధనరాజు చూపించాడు. ఆ సంగతి అతనికి ఇరవై ఏళ్ళుగా తెలుసు. దాన్ని విజ్ఞానశాస్త్రం అంటారని మాత్రం మన్విత చెబితేనే తెలిసింది.

దసరాకి నూకరత్నం కంటి ఆపరేషను అయిపోయింది. కట్టు విప్పాక ఆమె మొట్టమొదట చూసింది జోషిత దస్తూరి.

“ఇదేటే, కోడి కెలికినట్టుంది” అంది. ఆ సాయంత్రమంతా ఇంట్లో నవ్వులే.

ఆ ఏడాదే ‘గృహవిద్యా పర్యవేక్షణ విభాగం’ అని కొత్తగా ఒకటి ఏర్పడింది. ఏర్పడ్డ విభాగానికి అధికారులు కావాలి, అధికారులకు కుర్చీలు కావాలి, కుర్చీల్లో కూచున్నాక పని కావాలి. అలా కార్తీక మాసంలో ఒక ఉదయం రావులంక పర్యవేక్షణాధికారి దువ్వూరి సాంబమూర్తిగారు చంకలో ఫైలుతో ధనరాజు ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోలేదు, అదే ఆయన ఆస్తి.

“మీ పిల్లలు బడి బయట ఉన్నట్టు మా దృష్టికి తీసుకురాబడింది” అన్నారు.

“బయట లేరండి. ఇదిగో, ఇంట్లోనే ఉన్నారు” అంది సత్యవేణి.

ఆయన తల వంచి లోపలికి చూశారు. చాప మీద ఒక పళ్ళెం, పళ్ళెంలో దోసె. దాన్ని చాకుతో అయిదు సమభాగాలుగా కోశారు.

“ఏమి జరుగుతోంది?”

“భిన్నాలండి. అయిదింట రెండు వంతులు చెల్లి తినేసింది. ఎంత మిగిలిందో చెప్పమంటే నాకింకా ఆకలేస్తోందంటోంది” అంది మన్విత.

సాంబమూర్తిగారు ఫైలు తెరిచి రాసుకున్నారు. మొహంలో ముందు ఊరట, ఆ వెనకే దిగులు కనిపించాయి.

“అనగా బోధన జరుగుచున్నది. బోధన జరుగుచున్న పక్షంలో వీరు బడి బయటి పిల్లలు కారు, బడి లోపలి పిల్లలు. అటువంటప్పుడు ఇది బడి. ఇది బడి అయిన పక్షంలో దీనికి గుర్తింపు లేదు.”

“ఇది మా ఇల్లండి బాబూ” అన్నాడు ధనరాజు.

“అది మీ అభిప్రాయం. బోధన ఎక్కడ జరిగితే అది బడి అని నిబంధన మూడులో స్పష్టపరచబడింది.”

“పోనీ, చెప్పడం మానేస్తామండి.”

“మానేసిన మరుక్షణం పిల్లలు బడి బయట ఉన్నట్టు. దానికి వేరే నోటీసు ఉంది. అది ఎర్ర కాగితం మీద వస్తుంది” అన్నారాయన, మీ మంచి కోరి చెబుతున్నానన్నట్టు.

సత్యవేణి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, నలభై ఆరు పేజీల దరఖాస్తు చేతికిచ్చి వెళ్ళారు.

దరఖాస్తు నింపడానికి వారం పట్టింది. ‘విద్యార్థుల సంఖ్య’ దగ్గర రెండు అని రాశారు. ‘సెక్షన్ల సంఖ్య’ దగ్గర ఏం రాయాలో తెలియక అక్కాచెల్లెళ్ళు అని రాశారు. ‘ప్రధానోపాధ్యాయుడు’ దగ్గర మాత్రం ఆగిపోయారు. పాఠం చెప్పేవారు ప్రధానోపాధ్యాయ పదవిలో ఉండరాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మిగిలింది ధనరాజు.

“నేను పదో తరగతి తప్పానండి” అన్నాడతను సాంబమూర్తిగారితో.

“ప్రధానోపాధ్యాయుడు సంతకం చేయగలిగితే చాలు. చేయగలరా?”

“చేస్తానండి.”

“పొడి సంతకమా, పూర్తిదా?”

“రెండూనండి.”

“అర్హత మించిపోయింది” అని రాసుకున్నారు సాంబమూర్తిగారు.

గేటుకి బోర్డు కట్టారు. ఆ సాయంత్రమే ఇద్దరు ముగ్గురు తల్లులు అడ్మిషన్ల కోసం వచ్చారు. స్కూలు చిన్నదిగా ఉంది గనక పిల్లల మీద శ్రద్ధ ఎక్కువ ఉంటుందని వాళ్ళ లెక్క. వాళ్ళను పంపించేసరికి సత్యవేణికి గొంతు పోయింది.

తర్వాత వంట సంగతి వచ్చింది. విద్యార్థులు మధ్యాహ్నం బడి ఆవరణలో భోంచేస్తున్నారు గనక అది మధ్యాహ్న భోజనం. ఉపాధ్యాయిని వంట చేయరాదు గనక సత్యవేణి పొయ్యి దగ్గరికి పోవడం మానాలి. కొత్త కన్ను వచ్చిన ఉత్సాహంలో ఉన్న నూకరత్నం వంటమనిషిగా నియమితురాలైంది. పిల్లలు తినడానికి అరగంట ముందు ప్రధానోపాధ్యాయుడు రుచి చూసి రిజిస్టర్లో రాయాలి. అందుకని ధనరాజు రోజూ పదకొండున్నరకి షాపు మూసి, సైకిలేసుకుని వచ్చి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ‘రుచి చూడబడినది’ అని రాసి, మళ్ళీ వెళ్ళేవాడు. ఒకరోజు తొందరలో ‘పులుసులో ఉప్పు ఎక్కువ’ అని రాసేశాడు.

రిజిస్టరు తనిఖీలో అది బయటపడింది. వంటమనిషి మీద ఏ చర్య తీసుకున్నారో తెలపమని ప్రధానోపాధ్యాయుడికి లేఖ వచ్చింది. ధనరాజు తల్లికి సంజాయిషీ నోటీసు ఇవ్వక తప్పలేదు. వంటింట్లో ఆమె వెనక నిలబడి, రెండుసార్లు దగ్గి, కాగితం గట్టు మీద పెట్టి వచ్చేశాడు. నూకరత్నానికి రాయడం రాదు. మన్విత చేత రాయించింది.

“అయ్యా, నా కొడుక్కి చిన్నప్పట్నుంచీ తిండి దగ్గర వంకలే. ఉప్పు ఎక్కువైందని ఆ రోజు నాతో అనలేదు. రెండోసారి పోయించుకుని తిన్నాడు. ఇట్లు, వాళ్ళమ్మ.”

సాంబమూర్తిగారు చదివి, ‘వివరణ సంతృప్తికరం, భవిష్యత్తులో కుమారుడిని జాగ్రత్తగా పెంచవలెను’ అని రాసి ఫైలు చేశారు.

బాలురకు వేరుగా మరుగుదొడ్డి కావాలన్నారు. బాలురు లేరంది సత్యవేణి. భవిష్యత్తులో రాబోవు బాలుర నిమిత్తమన్నారు. దొడ్లో తులసికోట పక్కన అది కట్టించాడు ధనరాజు. ఇంట్లో మగవాడు అతనొక్కడే గాని, విద్యార్థి కాడు గనక వాడుకోడానికి వీల్లేదు. తాళం వేసి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి స్వాధీనంలో ఉన్నట్టు తానే తనకి రసీదు రాసిచ్చుకున్నాడు.

అసలు చిక్కు రెండో తనిఖీలో వచ్చింది. “విద్యార్థులు సాయంత్రం ఎక్కడికి వెళ్తారు?” అని అడిగారు సాంబమూర్తిగారు.

“ఎక్కడికీ వెళ్ళరండి. ఇక్కడే ఉంటారు” అంది సత్యవేణి.

ఆయన కలం ఆగింది. “ఇక్కడే పడుకుంటారా?”

“మరి ఇంకెక్కడ పడుకుంటారండి?”

“అయితే ఇది హాస్టలు” అన్నారాయన. ఈసారి దిగులు నిజంగానే ఆయన గొంతులో వినపడింది. హాస్టలు దరఖాస్తు నూటపది పేజీలు. ఆయనే కాసేపు ఆలోచించి దారి చెప్పారు. ముందు గదికీ వంటింటికీ మధ్య తలుపు మూసి సీలు వేస్తే, వీధి గుమ్మం వైపు బడి, వెనక సందు వైపు ఇల్లు అవుతాయి. నాలుగింటికి గంట కొట్టాక పిల్లలు బడి వదిలి ఇంటికి వెళ్ళాలి.

మధ్యలో వీధి దాటాలి గనక రవాణా సౌకర్యం తప్పనిసరి. ధనరాజు షాపులో మూలపడి ఉన్న మోపెడ్‌ను బాగుచేసి, పసుపు రంగు వేయించి, వెనక ‘బడి వాహనం, దూరముగా ఉండుడు’ అని రాయించాడు. ఆడపిల్లల వాహనానికి మహిళా సహాయకురాలు ఉండాలి. అది నూకరత్నం. ఆమెకి వాహనం మీద చోటు లేదు గనక ఆకుపచ్చ జెండా పట్టుకుని వెనక నడిచేది.

ఆ రోజుల్లో రావులంకలో నాలుగయ్యేసరికి జనం పనులు ఆపి వీధిలోకి వచ్చేవారు. పసుపు మోపెడ్ మీద ప్రధానోపాధ్యాయుడు, వెనక ఇద్దరు విద్యార్థినులు, వాళ్ళ వెనక జెండాతో మామ్మ. ఈ ఊరేగింపు కిరాణా కొట్టు మీదుగా, బార్బరు షాపు మీదుగా చుట్టు తిరిగి వెనక సందులోకి వచ్చేది. అక్కడ పిల్లల్ని సంతకం పెట్టి తీసుకోవలసింది తల్లి. తల్లి ఆ సమయానికి బడిలో టీచరు. మధ్య తలుపుకి సీలుంది. అందుకని గంట కొట్టగానే సత్యవేణి వీధి గుమ్మంలోంచి రెండో వైపు పరుగెత్తి, మోపెడ్ కంటే ముందు వెనక గుమ్మం చేరి, రొప్పు దాచుకుని, “వచ్చారా అమ్మా” అనేది. జోషితకి ఇదంతా మహా సరదాగా ఉండేది. రెండో రౌండు వేయమని రోజూ ఏడ్చేది.

పుష్యమాసంలో జోషితకి జ్వరం వచ్చింది. తల్లి రాసిన సెలవు చీటీ తండ్రి మంజూరు చేశాడు. కాని బడిలో టీచరు ఒక్కరే. బదులు టీచరు లేకుండా ఆమెకు సెలవు లేదు. సీలు వేసిన తలుపుకి అవతల మంచం మీద జోషిత మూలుగుతోంది. ఇవతల మన్వితకి సత్యవేణి పాఠం చెబుతోంది. కాసేపటికి ఆమె కుర్చీ తలుపుకి ఆనించి జరుపుకుంది. గొంతు పెంచింది. నక్క, కుందేలు కథ పాఠంలో లేకపోయినా చెప్పింది. అవతల మూలుగు ఆగింది.

“తర్వాతేమైందమ్మా?” అని సన్నగా వినపడింది.

మన్విత తల వంచుకుని పుస్తకంలోకి చూస్తూ కూచుంది. సత్యవేణి కొంగుతో మొహం తుడుచుకుని కథ ముందుకి నడిపింది. అదే సమయానికి తనిఖీకి వచ్చిన సాంబమూర్తిగారు గుమ్మంలో నిలబడి కథ పూర్తయ్యేదాకా విన్నారు. అయ్యాక గొంతు సవరించుకున్నారు.

“ఆవరణలో లేని విద్యార్థికి బోధిస్తున్నారు. ఇది దూరవిద్య కిందికి వస్తుందమ్మా. దానికి విడిగా అనుమతి ఉండాలి” అన్నారు. అయితే ఆ రోజు ఫైలు తెరవలేదు. జేబులోంచి రెండు బత్తాయిలు తీసి కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయారు.

మాఘమాసంలో తల్లిదండ్రుల సమావేశం పెట్టాలన్నారు. ప్రధానోపాధ్యాయుడు ధనరాజు, తండ్రి ధనరాజుకి ఆహ్వానం పంపాడు. సమావేశం రోజు పరిశీలకుడిగా సాంబమూర్తిగారు మధ్యలో కూచున్నారు. టేబులుకి ఇటువైపు రెండు కుర్చీలు, అటువైపు రెండు. ప్రశ్న అడిగేటప్పుడు ఇటు, జవాబు చెప్పేటప్పుడు అటు కూచోవాలి.

“మా జోషిత దస్తూరి ఏమీ బాగుపడలేదండి” అంది సత్యవేణి తల్లి కుర్చీలోంచి. లేచి అటు వెళ్ళి కూచుని, “ఇంటి దగ్గర మీరు కూడా కాస్త శ్రద్ధ పెట్టాలమ్మా” అంది. మళ్ళీ లేచి ఇటు వచ్చి, “బండెడు చాకిరీతో నాకు తీరికెక్కడుంటుందండి” అంది. అటు వెళ్ళి, “ఆ మాట నాకు చెబుతారేంటండి” అంది. నాలుగోసారి లేచి ఇటు వచ్చేసరికి ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. ఆ టీచరు మాటతీరు బాలేదని ప్రధానోపాధ్యాయుడికి ఫిర్యాదు చేసింది. ధనరాజు ఇద్దరికీ నచ్చచెప్పి పంపించాడు. ‘సమావేశం ఫలప్రదం’ అని మినిట్సులో రాయబడింది.

ఇక రుసుము. రుసుము లేకుండా చెబితే ధర్మసంస్థగా నమోదు కావాలి, దానికి మూడేళ్ళు పడుతుంది. అందుకని రుసుము పెట్టారు. ధనరాజు తన ఎడమ జేబులోంచి కుడి జేబుకి కట్టుకుంటే సరిపోయేది గాని, చలానా ద్వారా కట్టాలి, అందులో పదోవంతు పర్యవేక్షణ విభాగానికి పోవాలి. మరుగుదొడ్డి, పసుపు రంగు, తనిఖీ ఖర్చులు కలిపితే, ఫాల్గుణ మాసానికి వాళ్ళ ఇంటి చదువు ఊళ్ళోకల్లా ఖరీదైన చదువు అయింది.

“ఇంక నా వల్ల కాదు సత్యా. వచ్చే ఏడు మళ్ళీ ఆ స్కూల్లోనే వేసేద్దాం. అక్కడ ఎందుకు కడుతున్నామో తెలియదు గాని, కనీసం ఎవరికి కడుతున్నామో తెలుస్తుంది” అన్నాడు ధనరాజు.

సత్యవేణి సీలు వేసిన తలుపు వైపు చూస్తూ కూచుంది. మన్విత వచ్చి తల్లి పక్కన ఆనుకుని కూచుంది.

మర్నాడు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

ఒకే చోట ఎనిమిదేళ్ళు దాటిన ఉపాధ్యాయులకు బదిలీ తప్పనిసరి. సత్యవేణి బోధన మొదలుపెట్టి ఎనిమిది నెలలే అయింది గదా అని ధనరాజు ఆఫీసుకి పరుగెత్తాడు. సాంబమూర్తిగారు ఇంటికి వచ్చి మరీ వివరించారు.

“మన్వితకి మాటలు నేర్పింది ఎవరమ్మా?”

“నేనేనండి.”

“నడక?”

“నేనేనండి.”

“అది బోధనే గదా. కాబట్టి మీ సేవ మన్విత జన్మదినం నుంచి లెక్కించబడింది. పదేళ్ళ పది నెలలు. మీలాంటి గృహబడులు ఈ చుట్టుపక్కల ముప్ఫై దాకా ఉన్నాయి. కౌన్సెలింగులో మీకు ఒక ఇల్లు కేటాయించబడుతుంది. ఆ ఇంటి తల్లి ఇక్కడికి వస్తారు.”

జోషిత ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

“కొత్తమ్మ రాత్రి మాతోటే పడుకుంటుందాండి?”

“లేదు పాపా. హాస్టలు అనుమతి లేదు” అన్నారు సాంబమూర్తిగారు. అన్నాక ఆయనకే ఏదోలా అయింది. మజ్జిగ తాగకుండా లేచిపోయారు.

కౌన్సెలింగు ఆయన ఆఫీసులోనే జరిగింది. బియ్యం కొట్టు మీద రెండో అంతస్తులో అద్దెకి తీసుకున్న మూడు గదులు, ముందొక పొడుగాటి వరండా. తొలిరోజు ఉదయానికి ఇరవయ్యేడుగురు తల్లులు, ముగ్గురు తండ్రులు, పిల్లల్ని ఇంట్లో ఎవరి మీదా వదలలేక వెంటబెట్టుకొచ్చిన నలభయ్యొక్క మంది పిల్లలు వరండాలో చేరారు. ఆఫీసులో కంప్యూటరు తెర మీద ‘దయచేసి వేచి ఉండండి’ అన్న అక్షరాలు వచ్చాయి. సాయంత్రానికి కూడా అవే ఉన్నాయి. మర్నాడు మళ్ళీ రావాలని, రానివారికి దూరపు ఇల్లు కేటాయించబడుతుందని ప్రకటన అంటించారు.

మొదటి రోజు పిల్లలు గోల చేశారు. రెండో రోజు సత్యవేణి గోల భరించలేక, ఉన్న మెట్లను లెక్కపెట్టి రమ్మని కొందర్ని పంపింది. నలభై నాలుగు అన్నారు. రెండేసి ఎక్కితే ఎన్ని అడుగులు, నాలుగేసి ఎక్కితే ఎన్ని అంది. మూడో రోజుకి ఇది అలవాటైపోయింది. పడవ నడిపే తాతారావు అనే తండ్రి సున్నపు ముక్కతో నేల మీద గోదావరి పాయలు గీసి, ఏ పాయ ఎటు పోయి సముద్రంలో కలుస్తుందో చెప్పాడు. చీరలు నేసే గంగాభవాని రంగు దారాలు తెచ్చి, నమూనా లెక్క ఎలా వేస్తారో చూపించింది. కింద కొట్టువాడు పాత కాటా ఒకటి పంపాడు. బియ్యం తూచి, మళ్ళీ పోసి, మళ్ళీ తూచారు.

తెలుగుకి నోటీసు బోర్డు ఉంది. ఒక ఉత్తర్వులో అరవై మాటల వాక్యం ఒకటుంటే, అందులో కర్తని పట్టుకోమని సత్యవేణి పెద్దపిల్లలకి చెప్పింది. అరగంట వెతికారు. అప్పుడే అటు వచ్చిన సాంబమూర్తిగారిని మన్విత అడిగింది.

“చర్య తీసుకొనబడును అని ఉందండి. ఎవరు తీసుకుంటారో ఎక్కడా లేదు.”

“అది అలాగే ఉండాలమ్మా” అన్నారాయన. లోపలికి వెళ్ళి కూచున్నాక మాత్రం, తను ముప్ఫయ్యారేళ్ళుగా రాసిన వాక్యాలన్నీ ఆయనకి వరసగా గుర్తొచ్చాయి.

తొమ్మిది రోజులు గడిచాయి. తెర మీది అక్షరాలు మారలేదు. ఒక పైసా ఖర్చు లేకుండా, ఆఫీసు ఫ్యాను గాలికి, ఆఫీసు కుండలో నీళ్ళు తాగుతూ నలభయ్యొక్క మంది పిల్లలు హాయిగా చదువుకుంటున్నారు. మొదటి గదిలో గుమాస్తాలు సైతం పాఠం ఆసక్తిగా ఉంటే కుర్చీలు వరండా వైపు తిప్పుకునేవారు.

పదో రోజు విభాగం సంచాలకురాలు తనిఖీకి వచ్చారు. ఆవిడ కారు దిగేసరికి ఏడో ఎక్కం వీధి చివరికి వినపడుతోంది. నలభై నాలుగు మెట్లు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, వరండా అంతా ఒకసారి చూశారు. ఎక్కం ఆగిపోయింది.

“సాంబమూర్తిగారూ, ఇక్కడ బోధన జరుగుచున్నదా?”

ఆయన నేల మీది గోదావరి పాయల వైపు చూశారు.

“జరుగుచున్న పక్షంలో ఇది బడి. ఆవరణ ఎవరి స్వాధీనంలో ఉంటే వారు దీని కరస్పాండెంటు. అనగా మీరు. గుర్తింపు ఉందా?”

“లేదండి.”

“ఆటస్థలం?”

“లేదండి.”

“బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు?”

“ఒకటే ఉందండి. దాని తాళంచెవి సూపరింటెండెంటు దగ్గరుంటుందండి. ఆయన సెలవులో ఉన్నారండి.”

“వాచ్‌మన్ ఇక్కడే పడుకుంటాడా?”

హాస్టలు. రెండేళ్ళలో రిటైర్మెంటు, మచ్చలేని ముప్ఫయ్యారేళ్ళు, నూటపది పేజీలు, అన్నీ ఒక్కసారి సాంబమూర్తిగారి కళ్ళముందు తిరిగాయి. వరండా వైపు చూశారు. సత్యవేణి గోడకి ఆనుకుని, ఇద్దరు కూతుళ్ళ భుజాల మీద చేతులు వేసి నిలబడి ఉంది. ఆవిడ మొహంలో భయం లేదు. అలసట ఉంది. ఆ మూసిన తలుపు దగ్గర కుర్చీ జరుపుకున్న రోజు ఆవిడ ఎలా ఉందో ఆయనకి గుర్తొచ్చింది.

“అమ్మా, ఇది బోధన కాదండి” అన్నారు.

“మరి?”

“కబుర్లండి. కౌన్సెలింగుకి వచ్చిన తల్లులు ఊసుపోక పిల్లలతో కబుర్లు చెబుతున్నారు.”

సంచాలకురాలు ఆయన్ని చాలాసేపు చూశారు. తర్వాత ముందు వరసలో ఉన్న అందరికంటే చిన్నపిల్ల మీద ఆవిడ చూపు ఆగింది. ఆ పిల్ల జోషిత.

“పాపా, ఇక్కడ మీరేం చేస్తున్నారు?”

జోషిత తల్లి వైపు చూసింది, సాంబమూర్తిగారి వైపు చూసింది.

“ఏడో ఎక్కం కబుర్లండి” అంది.

సంచాలకురాలికి కూడా ఆలోచించుకోవలసింది ఉంది. తన ఏలుబడిలోని ఆఫీసులో పది రోజులపాటు గుర్తింపు లేని బడి నడిచిందని తేలితే, సంజాయిషీ తను రాసుకోవాలి. ఆవిడ కుర్చీ తెప్పించుకుని కూచుని, గుమాస్తాని పిలిచి అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు.

“తల్లిదండ్రులు తమ పిల్లలతో జరుపు సంభాషణ, అందు గుణకారములు, భాగహారములు, వ్యాకరణము మొదలగునవి దొర్లినప్పటికీ, కబుర్లుగా పరిగణించబడును. కబుర్లు ఈ విభాగం పరిధిలోకి రావు.”

కలం కింద పెట్టాక గుమాస్తాయే మొదట చప్పట్లు కొట్టాడు. తాతారావు గంగాభవానికి దండం పెట్టాడు. ఎందుకో అతనికే తెలియదు. ఎవరో కొట్టులోంచి బెల్లం తెప్పించి పిల్లలందరికీ పంచారు. సత్యవేణి మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా పిల్లల చేతులు పట్టుకుని నలభై నాలుగు మెట్లూ దిగి, ఎక్కడా ఆగకుండా ఇంటికి నడిచింది. సంగతి విన్న నూకరత్నం ఉత్తర్వు నకలు వచ్చేదాకా ఆగలేదు. కత్తిపీట పట్టుకెళ్ళి తలుపు సీలు పరపరా కోసేసింది. తలుపు తెరుచుకోగానే జోషిత ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందు గదిలోకి ఇరవై సార్లు పరుగెత్తింది.

నెలాఖరుకి ఇంకో కాగితం వచ్చింది. బడి ఎన్నడూ లేనందున గుర్తింపు దరఖాస్తు మూసివేయబడిందనీ, లేని బడికి చెల్లించిన రుసుములు వాపసు ఇవ్వబడవనీ దాని సారాంశం. ధనరాజు రెండుసార్లు చదివాడు.

“పోతే పోయాయిలే. వచ్చే ఏడు చాపా, దోసెలే గదా ఖర్చు” అన్నాడు.

చైత్రంలో ఒక ఆదివారం సాయంత్రం సాంబమూర్తిగారు మళ్ళీ ఆ గుమ్మంలో నిలబడ్డారు. ధనరాజు చూపు ముందు ఆయన చంక వైపు పోయింది. ఫైలు లేదు. వేలు పట్టుకుని రెండు జడల పిల్ల ఉంది.

“మా మనవరాలు. ఏడో తరగతి. లెక్కల్లో వరసగా తప్పుతోంది” అన్నారు. వీధిలో అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “కాస్త కబుర్లు కావాలమ్మా” అన్నారు.

సత్యవేణి నవ్వు ఆపుకుంది. “రోజూ అయిదింటికి పంపండి బాబాయిగారూ. కబుర్లకి మాత్రం ఆలస్యం కాకూడదండి.”

“రుసుమేమైనా…”

“కబుర్లకి రుసుమేంటండి” అంది.

ఆ పిల్ల వెళ్ళి మన్విత పక్కన చాప మీద కూచుంది. నూకరత్నం అడక్కుండానే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సాంబమూర్తిగారు మజ్జిగ పట్టుకుని అరుగు మీద కూచున్నారు. భాగహారం మొదలయ్యేసరికి లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. ఇంకాసేపటికి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప అంచున కూచుని, జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. పిల్లలంతా పూర్తి చేశారు. ఆయన ఇంకా వేస్తూనే ఉన్నారు.

“శేషం ఎంత వచ్చిందండి?” అని అడిగింది జోషిత.

ఆయన అరచేయి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

“పరిశీలనలో ఉంది” అన్నారు.